పారవేసిన చింతగింజ

ముంబయి నుంచి సూరత్ వెళ్ళే పాసింజరు బండి సచిన్ స్టేషను దాటాక, ఉధ్నా జంక్షను రాకముందు భేస్తాన్‌లో ఆగుతుంది. పట్టాల కిరుప్రక్కలా కార్ఖానాల పొగగొట్టాలు, మరమగ్గాల షెడ్లు, కార్మికుల చాళ్ళు. పొరుగున ఉన్న పాండేసరా పారిశ్రామికవాడలో పగలూ రాత్రీ అద్దకపు మిల్లులు నడుస్తుంటాయి. దేశంలోని చీరల అంగళ్ళలో వ్రేలాడే పాలియెస్టర్ చీరల్లో అధికభాగం ఈ సూరత్ పరిసరాలలో నేసి, రంగులద్దుకొని బయలుదేరినవే.

ఈ నగరానికి పొట్టచేతపట్టుకొని వచ్చినవారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేనేత మగ్గం కూడు పెట్టలేని స్థితికి వచ్చినప్పుడు పద్మశాలీ కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు తరలిపోయాయి. నాడె విసరిన చేతులు మరమగ్గం మీటలు పట్టుకొన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడి తెలుగువారి ఉనికిని ఊహించుకోవచ్చు.

అటువంటి ఒక ఇంట సాయంత్రంవేళ పులుసు పొయ్యిమీదికి ఎక్కబోతున్నది. ఇల్లాలు నిమ్మకాయంత చింతపండు నీళ్ళలో నానవేసి, పిసికి, పులుసు గిన్నెలోకి వంచుతుంది. అరచేతిలో మిగిలినవి నాలుగు ఈనెలు, పొట్టు, దారితప్పి వచ్చిన రెండు గింజలు. వాటిని ఆమె గుమ్మం అవతలకు విసరివేస్తుంది. తెలుగునాట కోట్లాది వంటిళ్ళలో తరతరాలుగా జరుగుతున్న పనే ఇది. ఇందులో విడ్డూరమేమీ లేదు.

విడ్డూరం ఉన్నది ఆమె భర్త పనిచేసే చోట. అద్దకపు మిల్లులో రంగు కలిపే గదిలో లేత గోధుమవన్నె పొడి బస్తాలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. ఆ పొడిని నీటిలో కలిపితే జిగురుగా, చిక్కగా, తేనెలా సాగే ముద్ద అవుతుంది. చీరమీది పువ్వు అంచు చెదరకుండా, ఆకుపచ్చ ఎరుపులోకి పాకకుండా నిలబెట్టేది ఆ ముద్దే. అందుకు మిల్లులు వాడే పొడులు కొన్ని రకాలున్నాయి. వాటిలో ఒకటి, గుమ్మం అవతల పడిన ఆ గింజ సంతతిదే. గుజరాతీలు దాన్ని ‘కచూకా’ అంటారు. పొరుగున మరాఠీలు ‘చించోకా’ అంటారు. మనం చింతగింజ అంటాం, చింతపిక్క అంటాం. అనుకొని ఊరుకుంటాం.

తెలుగువాడికి చింతచెట్టు పరాయిదని చెబితే నమ్మడం కష్టం. చిగురుతో పప్పు, పూతతో పొడి, లేత వామన చింతకాయలతో పులుసు, ముదురుకాయతో నిలవపచ్చడి, పండుతో చారు. ఇంతగా మన విస్తరిలోకి చొరబడిన చెట్టు మరొకటి లేదు. చింతాకంత అంటే మనకొక కొలత. చచ్చినా చావనిదంటే దాని పులుపు. ఇంకా చోద్యమేమంటే మన భాషలో దిగులుకూ దీనికీ ఒకటే పేరు. అయినా వృక్షశాస్త్రజ్ఞులు దీని పుట్టినిల్లు ఉష్ణమండల ఆఫ్రికా అని తేల్చారు. సూడాన్, ఇథియోపియా ప్రాంతాల పచ్చిక మైదానాలలో ఇది తనంత తానే మొలిచి, ఎక్కువగా చెదపుట్టల మీద, ఏనుగులకూ కోతులకూ ఆహారమై బ్రతుకుతున్నది. మడగాస్కర్ దీవిలో వలయాల తోక గల లీమర్లకు చింతకాయ ప్రధానాహారాలలో ఒకటి.

మనదేశానికి ఎప్పుడు వచ్చిందంటే మాత్రం చరిత్ర కందనంత కాలం క్రిందటనే. గంగా మైదానంలోని నర్హాన్ తవ్వకాలలో, సుమారు క్రీస్తుపూర్వం 1300 నాటి పొరలలో చింతకొయ్య బొగ్గు దొరికింది. సంస్కృతం దానికి తింత్రిణి, చించ, ఆమ్లిక అని మూడు నాలుగు పేర్లు పెట్టుకొన్నది. అరబ్బు వర్తకులు మన పశ్చిమతీరపు రేవులలో ఈ నల్లని ముద్దను చూసి, తమ ఖర్జూరం గుర్తుకువచ్చి, ‘తమర్ హిందీ’ అన్నారు; అంటే హిందూదేశపు ఖర్జూరం. ఆ మాటే యూరపు భాషలలోకి పాకి ‘టామరిండ్’ అయింది. పేరునుబట్టి అది తాటిజాతి చెట్టు పండు అని భ్రమపడినవారు కూడా యూరపులో లేకపోలేదు. గోవాలో స్థిరపడిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన గ్రంథంలో ఆ పొరపాటును సరిదిద్దవలసి వచ్చింది. 1753లో లిన్నేయస్ శాస్త్రీయనామం ఇస్తూ ‘టామరిండస్ ఇండికా’ అన్నాడు. ఆఫ్రికాలో పుట్టిన చెట్టుకు అరబ్బీ పేరు, దాని వెనుక ‘ఇండికా’ అన్న తోక. ఇంటిపేరు ఒకరిది, ఊరిపేరు మరొకరిది.

గుజరాత్ తీరంలో చింతపండుకు మరొక ఉపయోగం ఉండేదట. 13వ శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో గుజరాత్ రాజ్యాన్ని వర్ణిస్తూ, అక్కడి సముద్రపు దొంగలు వర్తకులను పట్టుకొన్నప్పుడు చింతపండు కలిపిన సముద్రపు నీళ్ళు బలవంతాన త్రాగించేవారని చెప్పాడు. చిక్కిన వర్తకులు ముత్యాలనూ రత్నాలనూ మ్రింగివేస్తారు కనుక, వాటిని వెలికి రప్పించడానికి ఆ కషాయం! చింతపండు విరేచనకారి అన్న సంగతి మన ఆయుర్వేద వైద్యులకు తెలిసినదే కాని, దాన్ని ఇంత లాభసాటిగా వాడాలన్న ఆలోచన వారికి వచ్చి ఉండదు.

ఇక కాయ సంగతి. కంది, అలసంద, చిక్కుడు, దిరిసెన, ఇవన్నీ చింతకు దాయాదులే. అశోకవృక్షమైతే మరీ దగ్గర బంధువు. అయితే ఈ కుటుంబంలో చాలా కాయలకు ఒక అలవాటున్నది. ముదిరి ఎండగానే అంచువెంట చీలి గింజలను విసరివేస్తాయి. చింతకాయ ఎన్నడూ చీలదు. ఎండి, పెళుసై, కొమ్మకు వ్రేలాడుతూ నెలలతరబడి ఎదురుచూస్తుంది. ఎదురుచూసేది గాలికోసం కాదు, నోటికోసం. గుజ్జును ఎరగా పెట్టి, కోతినో ఏనుగునో పిలిచి, గింజను దూరప్రాంతానికి మోయించుకోవడం దాని పన్నాగం. మనిషి కూడా ఆ ఎరకు దొరికినవాడే. కాకపోతే అతడు గింజను ఖండాంతరాలకు మోశాడు.

వేసవిలో పూచిన పువ్వు పండు కావడానికి ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. పసుపువన్నెమీద ఎర్రని ఈనెలు గల ఆ చిన్న పువ్వులలో అధికభాగం రాలిపోగా మిగిలినవి పిందెలవుతాయి. పిందెలో గింజ ఇంకా మెత్తని పొర మాత్రమే. అందుకే లేత చింతకాయను గింజతోసహా నూరుకోగలం. క్రమంగా గింజలు గట్టిపడి, పైతోలు గుజ్జునుంచి విడివడుతుంది. ఆ స్థితినే పల్లెల్లో దోరకాయ అంటారు. బడి ఎగ్గొట్టిన పిల్లలకు దానిమీద ఉండే మక్కువ అందరికీ అనుభవమే. మాఘ ఫాల్గుణాల నాటికి గుజ్జులోని నీరు ఇగిరిపోయి, పెంకు డొల్లగా మ్రోగుతుంది. అప్పుడది చింతపండు.

ఈ పక్వానికి రావడంలో ఒక విశేషమున్నది. మామిడి పండితే పులుపు పోయి తీపి వస్తుంది. చింత విషయంలో తీపి వస్తుంది కాని పులుపు పోదు. దాని పులుపుకు కారణమైన టార్టారిక్ ఆమ్లాన్ని చెట్టు తిరిగి వాడుకోలేదు. పండిన గుజ్జులో ఆ ఆమ్లం నూటికి 8 నుంచి 18 పాళ్ళుంటే, చక్కెరలు 25 మొదలు 45 పాళ్ళదాకా ఉంటాయి. మనకు తెలిసిన పండ్లలో ఇంత పులుపు, ఇంత తీపి ఒకేచోట కాపురముండడం అరుదు. ద్రాక్షను మినహాయిస్తే టార్టారిక్ ఆమ్లం ఇంత ముఖ్యపాత్ర వహించే పండు కూడా అరుదే. రాగిచెంబు మీది చిలుమును చింతపండుతో తోమితే వదలడానికి కారణం ఆ ఆమ్లమే. థాయిలాండులోని పెచ్చబూన్ ప్రాంతంలో పులుపు బాగా తక్కువగా ఉండే తీపిచింతను పండ్లలా ఒలుచుకొని తింటారు. అనంతపురంలో ఎంపికచేసిన ‘అనంత రుధిర’ అనే రకంలో పచ్చికాయ విరిస్తే లోపల రక్తవర్ణం. తెలుగువాళ్ళం మాత్రం పుల్లని గోధుమరంగు చింతకే ఓటు వేశాం.

పెంకు వలిస్తే లోపలి కట్టడం కనిపిస్తుంది. గుజ్జును అంటిపెట్టుకొని తొడిమ నుంచి కొసవరకు సాగే గట్టి ఈనెలు. గుజ్జు నడుమ ఒక్కొక్క గింజకు ఒక్కొక్క గది. గదిగోడ కాగితంలాంటి, తోలులాంటి పొర. ఆ పొరవల్లనే గింజకు గుజ్జు అంటదు, బయటికి తీయగానే మెరుస్తూ వస్తుంది. కాయకు ఒకటి మొదలు పదిదాకా గింజలు. పలకలు తేరిన ఆకారం, ముదురు గోధుమరంగు, నూనె పూసినట్లు నునుపు. రెండు బల్లపరుపు ముఖాలమీదా అంచును అనుసరించి ఒక సన్నని గీత, దాని లోపల కాస్త మసకవన్నె. చిన్నతనంలో వామనగుంటలు ఆడినవారందరి వ్రేళ్ళకూ ఆ స్పర్శ గుర్తుంటుంది. ఒకవైపు తెల్లగా అరగదీసి అష్టాచెమ్మాకు పాచికలుగా వేసుకొన్నవారికి ఆ నల్లని పొట్టు ఎంత మొండిదో కూడా గుర్తుంటుంది.

తూకం లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బాగా పెరిగిన చెట్టు ఏటా 150 నుంచి 225 కిలోల కాయ ఇస్తుంది. అందులో సుమారు మూడోవంతు గింజే! అంటే ఒక్కొక్క చెట్టు క్రింద ఏటా యాభై కిలోలకు తగ్గకుండా గింజ పోగుపడుతుంది. గింజలో నూటికి 20 నుంచి 30 పాళ్ళు పొట్టు, మిగిలినది తెల్లని పప్పు. పొట్టునిండా వగరైన టానిన్లు. అందుకే పచ్చి గింజను పశువు కూడా ఇష్టపడదు. వేయించి, పొట్టు రాలగొట్టి, నానవేసి ఉడికించుకొంటే పప్పు తినవచ్చు. కరవు కాలాలలో మన పల్లెలు ఆ విద్యను గింజకోసం కాక ప్రాణంకోసం నేర్చుకొన్నాయి. ఇప్పటికీ కొందరు వృద్ధులు వేయించిన చింతపిక్కలను బుగ్గన పెట్టుకొని గంటలతరబడి కాలక్షేపం చేయడం చూడవచ్చు.

గింజను మనిషికంటే ముందు కనిపెట్టినది ఒక చిన్న పెంకుపురుగు. ‘కారియెడాన్’ అని దాని శాస్త్రనామం. చింతకాయ పెంకుమీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు గింజను తొలిచి లోపల మేస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వేరుశనగ పాతలోకానికి వచ్చినప్పుడు ఈ పురుగు దాన్ని కూడా రుచిచూసింది. పెంకులో దాగిన గింజ అనగానే దానికి చింతకాయే స్ఫురించి ఉంటుంది! ఈనాడు నిలవ ఉంచిన వేరుశనగకాయను తొలిచే ప్రధాన శత్రువులలో ఇదొకటి. చింతతోపుల ప్రక్కనే వేరుశనగ పండించే రాయలసీమ రైతుకు ఈ బంధుత్వం తెలిస్తే మంచిది.

పప్పులో ఏమున్నదన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం తప్పుదారి పట్టించింది. అయొడిన్ చుక్క వేస్తే పిండిపదార్థం నీలంగా మారుతుందని బడిపిల్లలందరూ నేర్చుకొంటారు. చింతపప్పుమీద వేసినా నీలమే. మరి అది పిండేనా? 19వ శతాబ్దపు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో చూసి, పిండి రేణువులుగా ఉండవలసినది ఇక్కడ కణాల గోడలలోనే దట్టంగా పేరుకొని ఉన్నదని గమనించారు. పిండివంటిది కాని పిండి కాదు కనుక ‘అమైలాయిడ్’ అని పేరుపెట్టారు. చింతమొక్క తన రేపటి తిండిని కణం లోపల కాక, కణం గోడలకే మందంగా మెత్తుకొన్నది. ఇంట్లో గాదె కట్టక, గోడలనే బియ్యంతో కట్టుకొన్న గృహస్థువలె! మొలకెత్తేవేళ ఆ గోడలను కరిగించుకొని తింటుంది.

ఆ గోడసున్నానికి ఈనాటి పేరు జైలోగ్లూకన్. గ్లూకోజు, జైలోజు, గాలక్టోజు అనే మూడు చక్కెరలు అల్లుకొన్న పొడవాటి గొలుసు అది. గొలుసుకు వెన్నెముక గ్లూకోజు. ప్రక్కలకు చిన్న కొమ్మలుగా మిగిలిన రెండూ. ఇక్కడ ఒక కీలకమున్నది. ఆ వెన్నెముక అల్లిక అచ్చంగా పత్తిలోని సెల్యులోజు అల్లికే. కొమ్మలుండడంవల్ల ఇది నీటిలో కరుగుతుంది, అవి లేకపోవడంవల్ల సెల్యులోజు కరగదు. అంతే తేడా. అందుచేత చింతపిండి నూలుపోగును కావలించుకొన్నంత గట్టిగా మరేదీ కావలించుకోదన్నా తప్పులేదు. సోదరుణ్ణి సోదరుడు గుర్తుపట్టినట్లన్నమాట.

రసాయనశాస్త్రం ఈ మాట చెప్పకముందే మన కులవృత్తుల వారికి దీని ఫలితం తెలుసు. తెలంగాణలో కురుమలు నేసే నల్ల గొంగడికి చింతగింజల గంజి పట్టించడం పాత ఆచారం. గంజి పట్టిన గొంగడి బిరుసుగా నిలిచి, వానను తట్టుకొంటుంది. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కొయ్యతో చెక్కిన కాళ్ళూ చేతులూ మొండేనికి అతకడానికి రంపపుపొట్టులో చింతగింజల ముద్ద కలిపి ‘మక్కు’ తయారుచేసుకొంటారు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీబట్టకు పూసే పూతలో సుద్దమట్టి, గంజి, జిగురులతోపాటు చింతగింజల ముద్ద కూడా ఉంటుంది. ఆ పూత ఆరిన తరువాతనే కథలోని వీరులు బట్టమీదికి ఎక్కుతారు.

మిల్లులవారికి ఇది తెలియడానికి ఒక ప్రపంచయుద్ధం కావలసివచ్చింది. మగ్గంమీద పడుగుపోగు నిమిషానికి ఎన్నోసార్లు పన్నె పళ్ళమధ్య ఒరుసుకొంటుంది. గంజి పూతలేని పోగు నూగులేచి తెగిపోతుంది. అందుకు మిల్లులు మొక్కజొన్న పిండి వంటివి టన్నులకొద్దీ ఉడికించేవి. 1943లో బెంగాలు కరవులో మనుషులు గంజినీళ్ళకోసం అంగలార్చి మరణిస్తున్న దేశంలో, తినవలసిన పిండిని దారానికి పూయడం ఏ విధంగా చూసినా సుఖమైన ఆలోచన కాదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1942లో, టి. పి. ఘోష్, ఎస్. కృష్ణ అనే భారతీయ శాస్త్రజ్ఞులు చింతపప్పులో దాదాపు సగం బరువు జెల్లీ కట్టే పదార్థమే అని నిరూపించారు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ఈ కృషికి కేంద్రం. బొంబాయిలోని ఒక పెక్టిన్ తయారీ సంస్థకు చెందిన జి. ఆర్. సవూర్ దాన్ని శుద్ధిచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. ‘జెల్లోజు’ అని దానికి ముద్దుపేరు. పండ్ల పెక్టిన్ జెల్లీగా గడ్డకట్టాలంటే పులుపు తప్పనిసరి. ఈ గింజపదార్థానికి పులుపుతో పనిలేదు, చక్కెర ఉంటే చాలు. ప్రపంచానికి పులుపు పంచిన పండు గర్భంలో పులుపే అక్కరలేని పదార్థం!

అటుతరువాత నూలుమిల్లులూ, జనుపనార మిల్లులూ చింతపిండిని ఆదరించాయి. హుగ్లీ తీరపు జనపమిల్లులలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కార్మికులు ఎందరో ఉండేవారు. వారిలో ఎందరికి తాము పట్టించే గంజి తమ పెరటి చెట్టుదని తెలుసునో! జపాను మరొక అడుగు ముందుకువేసింది. మననుంచి పిండిని కొని, శుద్ధిచేసి, ఐస్‌క్రీములలో, సాస్‌లలో, ఊరగాయలలో చిక్కదనంకోసం వాడుతున్నది. ఇటలీ శాస్త్రజ్ఞులు ఇదే పదార్థాన్ని కంటిచుక్కల మందులో చేర్చారు. కంటిపొరను తడిగా ఉంచే సహజమైన జిగటద్రవాన్ని ఇది పోలి ఉండడంవల్ల, కళ్ళు పొడిబారే రోగులకు కన్నీటి బదులు పనిచేస్తుంది.

ఇన్ని ఘనకార్యాలు చేసే పిండి తయారీ మాత్రం మోటుపనే. గింజను కడిగి, ఆరబెట్టి, పెద్ద పీపాలలో వేయిస్తారు. వేడికి పొట్టు పెళుసై పగులుతుంది. దంచి, ఊది, పొట్టును వేరుచేస్తారు. మిగిలిన పప్పు రాయిలా ఉంటుంది. దాన్ని మెత్తని పిండిగా విసరడం మామూలు పిండిమరలకు లొంగదు. వేయింపు ఎక్కువైతే పిండి ఎర్రబారి విలువ పోతుంది. తక్కువైతే పొట్టు వదలక మచ్చలు మిగులుతాయి. ఆ నిప్పుదగ్గర, ఆ దుమ్ములో నిలుచునేవాడి కంటి అంచనామీదనే సరుకు ధర ఆధారపడి ఉన్నది.

మళ్ళీ భేస్తాన్‌కు వద్దాం. సూరత్‌లో పోగు పత్తిది కాదు, పాలియెస్టర్‌ది. దానికి వాడే గంజులు వేరు, కృత్రిమమైనవి. కనుక ఇక్కడ చింతగింజ పడుగుకు కాక అద్దకానికి పనికివస్తున్నది. రంగునీళ్ళను నేరుగా బట్టమీద వేస్తే సిరాచుక్క బ్లాటింగు కాగితంమీద ప్రాకినట్లు ప్రాకుతుంది. చిక్కని ముద్దలో కలిపి అద్దితే వేసినచోట నిలుస్తుంది. ఆపైన ఆవిరి పట్టిస్తే రంగు ముద్దను వదలి పాలియెస్టర్ పోగులోనికి ఇంకుతుంది. తరువాతి ఉతుకులో ముద్ద కొట్టుకుపోతుంది. ముద్ద చేయవలసినది అంతే: నిలబడవలసినప్పుడు నిలబడి, పొమ్మన్నప్పుడు పోవాలి. మామూలు చింతపిండి చన్నీటిలో సరిగా కరగదు కనుక రసాయనచర్యతో దాన్ని కొంత మార్చి, కార్బాక్సీమిథైల్ రూపంలో ఈ పనికి వాడుతారు. గోరుచిక్కుడు జాతి గ్వార్‌గింజల జిగురు దీనికి ప్రధానమైన పోటీదారు. ఏ సంవత్సరం దేని ధర దిగితే రంగుగది దానివైపు మొగ్గుతుంది.

నూలుబట్టకు పూసే రియాక్టివ్ రంగుల దగ్గర మాత్రం చింతగింజ పప్పులుడకవు. ఆ రంగులు పత్తిని పట్టుకొన్నట్లే, పత్తికి తోబుట్టువైన ఈ ముద్దను కూడా పట్టుకొంటాయి. అప్పుడది ఉతికినా పోదు, బట్ట అట్టలా తయారవుతుంది. అక్కడ సముద్రపు నాచునుంచి తీసిన ఆల్జినేటును వాడక తప్పదు. నూలు మిల్లులో దానికి గౌరవం తెచ్చిన బంధుత్వమే నూలు అద్దకంలో దాన్ని వెలివేసింది. పాలియెస్టర్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. కనుకనే ఇక్కడ చోటు దొరికింది. ఉతుకునీటితో కాలువలోకి పోయే ఈ జిగురు కుళ్ళిపోయే పదార్థమే అయినా, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. ప్రకృతిసహజమైనది కదా అని శుద్ధిచేయకుండా వదిలివేయడానికి వీలులేదు.

ఇంత పొడవైన దారిలో మొదటి అడుగు వేసేది ఎవరు? చెట్టెక్కి కొమ్మ దులిపేది మగవాడైతే, క్రిందపడినదాన్ని ఎండబెట్టి, పెంకు వలిచి, ఈనె తీసి, కొట్టి గింజ రాల్చేది దాదాపు ఎల్లవేళలా ఆడది. హిందూపురం మార్కెటు చుట్టుప్రక్కల పల్లెలలో వేసవి వచ్చిందంటే వాకిళ్ళన్నీ చింతపండు కార్ఖానాలే. ఎదుట రాయి, చేతిలో సుత్తి, ఒళ్ళో పెంకుల దుమ్ము. కొట్టిన కిలోల లెక్కన కూలి. రోజంతా పులుపులో నానిన వ్రేళ్ళు పగిలిపోతాయి. రాత్రి అన్నంలో కారం కలుపుకోవడమే కష్టం. మన్యంలో, పాడేరు, అరకు కొండలలో గిరిజనుడు చింతపండును సంతకు మోసుకొనివస్తాడు. అక్కడ దళారుల తూకాలనుంచి అతణ్ణి కాపాడడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, చింతపండుతోసహా అటవీ ఉత్పత్తులను కొంటున్నది.

అయితే ఇక్కడ గింజకు సంబంధించిన ఒక లెక్క ఉన్నది. గింజతో అమ్మిన చింతపండుకు ఒక ధర, గింజ తీసినదానికి మరొక ధర. తీసినదానికి ఎక్కువే ముడుతుంది. కాని తీయడానికి రోజులు పడుతాయి, చేతిలో అప్పు తరుముతుంటుంది. ఆ రోజులు లేనివాడు గింజతోనే అమ్మివేస్తాడు. బరువులో మూడోవంతైన గింజ ఆ విధంగా చెట్టున్నవాడి చేయి దాటి, కొన్నవాడి గోదాములో రాలుతుంది. అక్కడనుంచి పిండిమరకు, పిండిమరనుంచి మిల్లుకు, ఓడకు. దారిలో ప్రతి మలుపులోనూ దాని వెల పెరుగుతూ పోతుంది. పెరిగిన వెలలో తిరిగి కొండ ఎక్కేది ఏమీ ఉండదు. ఇంటివద్దనే గింజ తీసుకొన్న గిరిజన స్త్రీల సంఘాలు పండునూ గింజనూ వేరువేరుగా అమ్ముకొన్నచోట లెక్క కొంత మారింది. గింజకు తూకం వేసిన రోజునే దానికి వెల ఉన్నదని తెలిసేది.

చెట్టు సంగతి కూడా చెప్పుకోవాలి. గింజ నాటి పెంచిన చింత కాపుకు రావడానికి ఆరేడేళ్ళకు పైగా పడుతుంది. పైగా పరపరాగ సంపర్కంవల్ల తల్లిచెట్టు గుణం పిల్లకు వస్తుందన్న హామీ లేదు. తీపిచెట్టు గింజ పుల్లచెట్టు కావచ్చు. అంటుకట్టిన మొక్క మూడు నాలుగేళ్ళలో కాస్తుంది. అయినా మన ఊళ్ళలో నిలిచి ఉన్న మహావృక్షాలు చాలావరకు ఎవరూ అంటుకట్టనివే, ఎవరో ఉమ్మివేసిన గింజలే. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గరి ఒక చింతచెట్టు కొమ్మలెక్కి నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుకొంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును చూపిస్తారు. రోడ్లు విస్తరించినప్పుడు అటువంటి స్మృతి ఏదీ లేని సాలుచింతలు ముందుగా నేలకూలుతాయి. అవి కూలితే క్రింద వాకిళ్ళలో సుత్తి పట్టుకొనే చేతులకు ఆ వేసవి పని ఉండదు.

భేస్తాన్ చాళ్ళలో పులుసు మరిగి దించేవేళకు రాత్రి పాళీ కార్మికులు బయలుదేరుతారు. కిరాణా కొట్టులో గుజరాతీ గృహిణి పప్పులోకి కోకం కొనుక్కొంటుంటే, ప్రక్కనే తెలుగు గృహిణి ‘ఆమ్లీ’ అని అడిగి, దొరికినదాన్ని వాసన చూసి, ఇది మన ఊరి పండు కాదని పెదవి విరుస్తుంది. అయినా కొంటుంది. ఏటా ఊరికి వెళ్ళి వచ్చేవారు బస్సు టాపుమీద, రైలు సీటుక్రింద తెచ్చుకొనే మూటల్లో ఏడాదికి సరిపడే చింతపండు తప్పనిసరి. ఉప్పువేసి ఉండలు కట్టిన ఆ నల్లని ముద్దలలో ఎంత ఏరినా నాలుగు గింజలు మిగిలే ఉంటాయి. పిల్లలు వాటిని ఏరుకొని, గడపమీద సుద్దతో గళ్ళు గీసి, ఒకవైపు అరగదీయడం మొదలుపెడుతారు.